కుళ్ళని వల

1957లో మూడు సంగతులు జరిగాయి. ఏప్రిల్‌లో కొచ్చిన్‌లో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మొదలైంది. నూలు, జనుము వలల బదులు కృత్రిమ దారాలు మన సముద్రాల్లో ఎలా పనిచేస్తాయో పరీక్షించి జాలర్లకు నేర్పే పని దాని చేతికొచ్చింది. అదే ఏడాది జర్మనీలోని హాంబర్గ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చేపల వలల మీద మొట్టమొదటి అంతర్జాతీయ మహాసభ జరిపింది. నైలాన్ గొప్పదనం అక్కడ దేశదేశాలవాళ్ళూ విన్నారు. ఇక మూడోది: ఉత్తర అట్లాంటిక్‌లో ఒక ఓడ వెనక లాగుతున్న ప్లాంక్టన్ సేకరణ పరికరానికి ప్లాస్టిక్ వలదారం చుట్టుకుంది. సిబ్బంది దాన్ని లాగ్‌బుక్‌లో రాసి ఊరుకున్నారు. ఆ పాత లాగ్‌బుక్కులన్నీ తిరగేసిన శాస్త్రవేత్తలు 2019లో ఆ సంగతి బయటపెట్టారు. సముద్రంలో ప్లాస్టిక్ కనబడిన తొలి దాఖలాల్లో అదొకటి.

భీమిలి దగ్గర జాలరి ఇంట్లో పుట్టి, బడిపంతులుగా బతికినవాణ్ణి నేను. మొదటి రెండు సంగతుల ఫలితం మా పేట కళ్ళారా చూసింది. మూడోదాని అర్థం ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. లోతు సముద్రపు చేపల కడుపుల్లో ప్లాస్టిక్ పోగులు దొరుకుతున్నాయన్న వార్త చదివి, అదంతా పట్నంవాళ్ళ చెత్తేనని మా వాళ్ళు అంటారు. చెత్త నిజమే. కానీ ఆ కథలో మా వృత్తికీ వాటా ఉంది. దాన్ని మేమే చెప్పాలి.

మా తాత కాలంలో వల ఇంట్లో పుట్టేది. ఆడవాళ్ళు నూలు వడికేవారు, మగవాళ్ళు వెదురు సూదితో అల్లేవారు. కన్ను పెద్దది కాకుండా, చిన్నది కాకుండా వేళ్ళ సందున ఒక చెక్కముక్క పెట్టుకుని ముడి వేసేవారు. కవళ్ళకు ఒక కన్ను, కానాగంతలకు ఒక కన్ను, కోనానికి ఇంకొకటి. ఊరంతా కలిసి ఒడ్డుకు లాగే పెద్దవలకు కొబ్బరిపీచు తాళ్ళు, తేలిక కర్ర బెండ్లు ఉండేవి. బరువుకు రాళ్ళు కట్టేవారు. ఆ వలలో సముద్రానికి కొత్త వస్తువు ఏదీ లేదు.

నూలు వలకు పెద్ద శత్రువు కుళ్ళు. ఉప్పునీటిలోని సూక్ష్మజీవులు నూలు పోగును తినేస్తాయి. అందుకని తుమ్మచెక్క, తంగేడు చెక్క పెద్ద బానల్లో ఉడకబెట్టి, ఆ ఎర్రటి కషాయంలో వల ముంచి ఇసుకమీద ఆరబెట్టేవారు. కొన్ని వేటలయ్యాక మళ్ళీ ముంచాలి. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ వల విప్పి ఎండెయ్యాలి. తడిసిన నూలు వల బరువుకు తెప్ప సగం మునిగేదని తాత చెప్పేవాడు. ఎంత చేసినా రెండేళ్ళు నిలిస్తే గొప్ప. చివరికి అది ఆనపపాదు మీద పందిరయ్యేది, ఆ తర్వాత పెంటకుప్పలో మట్టయ్యేది. సముద్రంలో తెగిపోయిన వలకూ అదే గతి: కొన్నాళ్ళు తేలి, మెత్తబడి, నీటిలో కలిసిపోయేది.

అమెరికాలో వాలెస్ కరోథర్స్ 1935లో తయారుచేసిన నైలాన్ 1938లో పళ్ళ బ్రష్షు కుచ్చుగా, 1940లో ఆడవాళ్ళ మేజోళ్ళుగా బజారుకెక్కింది. యుద్ధం ముగిశాక వలల్లోకి వచ్చింది. మా తీరానికి చేరేసరికి దాని ముందు నూలు నిలబడలేకపోయింది. నైలాన్ పెద్దగా నీరు పీల్చదు, కుళ్ళదు. సన్నగా ఉన్నా గట్టిగా ఉంటుంది, చేపకు త్వరగా కనబడదు. కషాయం పొయ్యిలు ఆరిపోయాయి. ఆడవాళ్ళకు వడికే చాకిరీ తప్పింది. అదే వేటకు ఎక్కువ చేప వచ్చింది. ఆకలి తెలిసిన పేటలు ఆ మార్పును ఆనందంగా అందుకున్నాయి, అందుకోవలసిందే.

తర్వాత మర పడవలు వచ్చాయి. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి రొయ్యల ట్రాలర్లు ఉత్తరాన బెంగాల్ దాకా వెళ్ళాయి. ట్రాల్ వలకు పాలిథిలీన్, తాళ్ళకు పాలీప్రొపిలీన్, కర్ర బెండ్ల స్థానంలో ప్లాస్టిక్ బెండ్లు. ఒంటిపోగు నైలాన్ వల చవకగా దొరికేసరికి చిరిగితే కుట్టుకోవడం కన్నా కొత్తది కొనడమే సుళువైంది. నూలుకు ఉన్న ఆయువు ఈ వలలకు లేదు, నూలుకు ఉన్న చావూ లేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల్లో హార్బర్‌లో వలలు బాగుచేస్తారు. ఒక రోజు అక్కడ పాత పాలీప్రొపిలీన్ తాడు ముక్క తీసుకుని తెల్లకాగితం మీద రెండు చేతులా నలిపాను. నీలం పొడి రాలింది. భూతద్దం పెట్టి చూస్తే అది పొడి కాదు, చీలిన పోగుల తుంపులు. కొన్ని నూగుగింజంత, కొన్ని కంటికి ఆననంత. ఆ తాడు ఎండకు పెళుసుబారి, వించి చక్రం మీద రోజూ రాసుకుని అలా అయింది. పక్కనే మరమ్మతులో కత్తిరించిన వల కొసలు నేలంతా పడి ఉన్నాయి. తొలి వానకు అవన్నీ జెట్టీ అంచు దాటి నీళ్ళలోకి పోతాయి. అయిదు మిల్లీమీటర్ల లోపు ముక్కలనే మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. 2004లో బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం రాసిన వ్యాసంతో ఆ పేరు అందరికీ తెలిసింది.

ఇవి లోతుకు ఎలా చేరతాయి? నైలాన్ సముద్రపు నీటికన్నా బరువు, కాబట్టి దానంతటదే మునుగుతుంది. పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ తేలుతాయి. కానీ వాటిమీద నాచు, సూక్ష్మజీవులు పేరుకుంటే బరువెక్కి దిగుతాయి. సన్న జీవులు మింగి విసర్జించిన మలంతోనూ కిందికి పోతాయి. ఇంకో దారి లాంతరు చేప. వేలెడంత చేప, ఒంటినిండా వెలుగు చుక్కలు. పగలు వందల మీటర్ల లోతున ఉండి, పొద్దుగూకాక మేతకు పైకొచ్చి, తెల్లారేలోగా దిగిపోతుంది. పైన తిన్నది కిందికి మోసుకుపోతుంది. ఐర్లండ్‌లోని గాల్వే పరిశోధకులు వాయువ్య అట్లాంటిక్‌లో పట్టిన 233 నడిలోతు చేపల కడుపులు కోసి చూసి 2018లో ఫలితం ప్రకటించారు. నూటికి 73 చేపల్లో మైక్రోప్లాస్టిక్ ఉంది, అందులో ఎక్కువ భాగం పోగులే. ఈ చేపలను తిని ట్యూనాలు, డాల్ఫిన్లు బతుకుతాయి.

ఇంకా కిందికి వెళ్ళినా అదే కథ. 2019లో అలన్ జేమీసన్ బృందం పసిఫిక్‌లోని ఆరు మహాగాధాల నుంచి తెచ్చిన 90 రొయ్యలాంటి జీవుల్లో 65 కడుపుల్లో మనుషులు చేసిన పోగులో ముక్కలో దొరికాయి. మరియానా అగాధం జీవుల్లో ఒక్కటీ శుభ్రంగా లేదు. మరుసటి ఏడు అక్కడి ఒక కొత్త జాతికి ‘యూరిథీనిస్ ప్లాస్టికస్’ అని పేరు పెట్టారు. మనిషి దాన్ని గుర్తించకముందే దాని కడుపులోకి ప్లాస్టిక్ వెళ్ళింది.

ఈ పోగులన్నీ వలలవే అనను. ఉతికిన పాలిస్టర్ చీరా చొక్కా కూడా పోగులు వదులుతాయి. అయితే ఉత్తర పసిఫిక్‌లో తేలే చెత్తదిబ్బను 2018లో లెక్కగడితే, బరువులో 46 శాతం చేపల వలలే అని తేలింది. అవి నేడు వలలు, రేపు పోగులు. చిన్న చేపలను పేగుతో సహా తినే మనం ఈ లెక్కను పక్కన పెట్టలేం. ఎండు నెత్తళ్ళను ఎవరు కడుపు తీసి వండుతారు?

నూలుకు తిరిగి వెళ్ళమని ఏ జాలరినీ అడగలేం, అడగకూడదు. అడగవలసింది వేరే ఉంది. వలలు, తాళ్ళతో సహా ఏ ప్లాస్టిక్‌నూ ఓడల నుంచి సముద్రంలో పారెయ్యకూడదన్న అంతర్జాతీయ నిబంధన 1988 డిసెంబరు 31 నుంచే అమల్లో ఉంది. పారెయ్యని వల ఎక్కడికి పోవాలో చెప్పే ఏర్పాటు ఉండాలి. కేరళలో కొల్లం దగ్గర నీండకరలో 2017లో ‘శుచిత్వ సాగరం’ మొదలైంది. వలకు తగిలిన ప్లాస్టిక్‌ను బోటువాళ్ళు సంచుల్లో ఒడ్డుకు తెస్తారు. దాన్ని కడిగి, తురిమి, రోడ్డు తారులో కలుపుతారు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో అది ఎందుకు కాకూడదు? ప్రతి జెట్టీ మీద తూకం పెట్టండి. తెచ్చిన పాత వలకు కిలోకింత అని అక్కడికక్కడే డబ్బివ్వండి. కత్తిరించిన కొసలకు సంచి కట్టండి. ధర ఉన్న వస్తువును మా వాళ్ళు సముద్రంలో వదలరు.