నాలుగా? ఆరా?

అబ్బాసియాలో మా ఫ్లాట్‌లో పాపకి అయిదో నెల నిండుతోంది. వీడియో కాల్‌లో అమ్మ, "ఇంకా ఉగ్గు మొదలుపెట్టలేదా? నీకు నాలుగో నెల దాటగానే డబ్బా పిండి పెట్టాను, నీకేమైందిరా?" అంది. వాదించబోయి ఆగాను. ఈ నెలల లెక్క ఎక్కడిదో వెతికాను.

పారస్కర గృహ్యసూత్రం అన్నప్రాశన ఆరో నెలలో చేయమంది. డబ్బా పిండి తర్వాతి సంగతి. 1867లో స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెర కలిపి తయారుచేశాడు. నా చిన్నప్పుడు నాలుగు, ఆరు నెలల మధ్య మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పేది. మన 1992 చట్టంలోనూ నాలుగు నెలలే. 2001లో ఆ సంస్థ ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలంది. 2003లో మన చట్టమూ మారింది.

అమ్మ తప్పేం చేయలేదు, ఆనాటి మాట విన్నది. అదే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఆరు నిండనీ. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పొడి కొట్టుకో. జల్లించడం మర్చిపోకు" అంది.

ఆరు నిండిన రోజు ఫోన్ ఎదురుగా పెట్టుకుని తినిపించాం. మొదటి చెంచా పాప ఉమ్మేసింది. అమ్మ నవ్వింది: "నువ్వూ అంతే!"