తలంటి పుట్టుపూర్వోత్తరములు

మనస్సు డస్సినది, రాత్రి నిద్ర పట్టుట లేదు, పలుకరించిన వారిమీదనెల్ల విసుగు వచ్చుచున్నది అని మొఱపెట్టుకొనువారికి నేటి హితోపదేశకులు పెన్నేరుగడ్డ పొడిని పాలలో కలిపి త్రావుమనియు, సరస్వతియాకును నేతిలో వేచి తినుమనియు, తులసి కషాయము కాచుకొమ్మనియు చెప్పుచుందురు. ఇవి యన్నియు మంచివే కావచ్చును. కాని వైద్యుని చీటితో పని లేకయే తరతరములుగా తెలుగింట వారమున కొకమారు పెరటి నూతిగట్టుకడ సాగుచు వచ్చిన చికిత్స మఱియొకటి కలదు. శాస్త్రకారులు దానిని అభ్యంగన మనిరి. మన యిండ్లలో అది తలంటి. దాని చరిత్రను తఱచి చూచినకొలదిని, నూనెకు దక్కిన కీర్తిలో సగమునకు మించిన భాగము ఆ నూనెను పట్టించు చేతికిని, ఆ చేతికి చిక్కి కదలక కూర్చుండవలసిన గడియసేపునకును చెందవలసియున్నదని నాకు తోచుచున్నది.

దేహముమీద పడు నానావిధములైన ఒత్తిళ్లకు శరీర మొకే తీరున స్పందించునని హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు ‘నేచర్’ పత్రికలో చిన్న లేఖ ప్రకటించినది 1936వ సంవత్సరమున. అటుపిమ్మటనే ఒత్తిడి నవీనవైద్యమునకు ప్రత్యేకముగా విచారణీయమైన విషయమైనది. చరకసంహితలో ఇట్టి పేరుగల వ్యాధి కానరాదు. అయినను మితిమీరిన చింత రసమును వహించు స్రోతస్సులను చెఱచునని విమానస్థానము చెప్పుచున్నది. మనోదోషములకు జ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి మొదలగువానిని ఔషధములుగా సూత్రస్థానము విధించుచున్నది. ఆ సూత్రస్థానముననే అయిదవ యధ్యాయమున, అంజనము పెట్టుకొనుట, పండ్లు తోముకొనుట, నాలుక గీచుకొనుట, నూనె పుక్కిలించుట అను నిత్యకృత్యముల వరుసలో, తలకు నూనె, చెవులకు నూనె, ఒడలికి నూనె, పాదములకు నూనె అని నాలుగు విధులు వేర్వేరుగా వచ్చును. నిత్యము తలకు నూనె రాచుకొనువానికి తలనొప్పి రాదనియు, జుట్టు రాలదనియు, నెరయదనియు చెప్పుచు, వానికి సుఖముగా నిద్రపట్టుననియు ఆచార్యుడు చేర్చినాడు. బట్టతల మాట యెట్లున్నను నిద్రమాట నిజమని తలంటి పోసికొన్నవా రందఱు నొప్పుకొందురు.

నూనె పూసిన కుండయు, నూనె పీల్చిన తోలును, కందెన పెట్టిన యిరుసును గట్టిపడునట్లే అభ్యంగనముచేత దేహము గట్టిపడునని చరకు డిచ్చిన పోలిక ప్రసిద్ధమే. దాని వెంటనే ఆయన చూపిన హేతువు మాత్రము అంత ప్రసిద్ధి కెక్కలేదు. స్పర్శేంద్రియమున వాయు వధికము. స్పర్శకు చర్మ మాశ్రయము. అభ్యంగనము చర్మమునకు మిక్కిలి హితము. కావున దానిని నిత్యము శీలింపవలెను అని ఆయన తర్కము. వాయువనగా వాతమే; చలించుట, తొట్రుపడుట, నిలుకడ లేకుండుట వాతలక్షణములని వైద్యులందఱకు సమ్మతము గనుక, కలత చెందిన మనస్సును చర్మము దారిని చేరి కుదుటపఱుపవచ్చునని ఈ వాక్యములకు తాత్పర్యము చెప్పుకొన్నచో అది అతివ్యాఖ్యానము కాదు. నూనె గుణములను గుఱించి పుటలకొలది వ్రాసిన వారుకూడ ఇచ్చట నూనెను విడిచి స్పర్శను పట్టుకొనుట గమనింపదగినది.

వాగ్భటుడు అష్టాంగహృదయపు దినచర్యాధ్యాయమున ఈ విధిని క్లుప్తపఱచి, తల, చెవులు, పాదములు అను మూడు తావులందు దీనిని విశేషముగా పాటింపుమనెను. కఫముతో బాధపడువాడును, వమనవిరేచనములు చేసికొన్నవాడును, అజీర్ణముగలవాడును నూనె జోలికి పోరాదని హద్దు గీచినవాడును ఆయనయే. జలుబుతో ముక్కు చీదుచున్న పిల్లవానిని పండుగపేరిట నూతిగట్టునకు లాగుకొనివచ్చు తల్లులు ఈ రెండవ భాగమును విన్నట్లు తోపదు. సుశ్రుతమునకు వ్యాఖ్య రచించిన డల్హణుడు ఇంకను లోనికి పోయి కాలమానమును సైతము నిర్ణయించెను: మర్దించుచుండగా 300 మాత్రల (ఱెప్పపాట్ల) కాలమునకు నూనె రోమమూలములను చేరును, 400 మాత్రలకు చర్మమును, ఇట్లు నూఱేసి మాత్రల చొప్పున రక్తమాంసాదులను దాటి 900 మాత్రలకు మజ్జను చేరును. నేటి శారీరశాస్త్రజ్ఞుడు ఈ ప్రయాణము నంగీకరింపడు. నూనె మజ్జను చేరునో లేదో గాని, చేరునని చెప్పిన యంతసేపును చేయి ఆగక యాడవలెనని ఈ లెక్క నెపమున వైద్యుడు శాసించినాడనుకొన్న దోసము లేదు.

ఇక నూనె. హరప్పా త్రవ్వకములలో మాడిన నువ్వులు దొరకినవి గనుక ఈ దేశమునకు వానితోడి పరిచయము నాలుగువేల యేండ్లకు తక్కువ కాదు. వైద్యులును తైలములన్నిటిలో నువ్వుల నూనెకే అగ్రాసన మిచ్చిరి. దానిని గానుగలాడి తీసిన తెలికివారు ఆంధ్రదేశమున నొకనాడు ఎంతటి గౌరవము పొందిరో 11వ శతాబ్ది చివరిదైన టేకి తామ్రశాసనము చెప్పుచున్నది. వేంగి నేలిన చోడగంగు వారికి ప్రత్యేకమర్యాద లిచ్చిన శాసన మది. తెలంగాణమున మహబూబునగరము, నల్లగొండ ప్రాంతముల మెట్టచేలు ఆముదపు పంటకు పేరుపడినవి. గింజలను వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన తెట్టును తీసి తడి యింకునట్లు కాచిన వంటాముదము చిక్కనై, వాసనగలదై, నెత్తిని పట్టుకొని వదలదు. కోనసీమకు కొబ్బరినూనె యుండనే యున్నది.

రాజుల తలంటి వేఱు. కల్యాణపురము రాజధానిగా 12వ శతాబ్ది పూర్వార్ధమున నేలిన చాళుక్య సోమేశ్వరుడు తన మానసోల్లాసమున రాజభోగములను వర్ణించుచు స్నానమును కూడ నొక భోగముగా గణించెను. కాని గ్రంథస్థమైన భోగముకంటె, ఆ కాలమున నచ్చట నున్నవాడు వ్రాసిపెట్టిన వృత్తాంత మెక్కువ సజీవము. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, కృష్ణదేవరాయల ప్రాతఃకాలకృత్యమును తెలిసికొని ఇట్లు చెప్పినాడు: తెల్లవాఱకమునుపే రాయలు లేచి నువ్వుల నూనె కొంత త్రావును, ఒడలెల్ల నూనె పట్టించుకొనును, చిన్న బట్ట కట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులనెత్తి, పిదప కత్తి పట్టి, పూసిన నూనె యంతయు చెమటయై పోవువఱకు సాము చేయును, మల్లునితో పెనగును, గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకు మైదానమున పరుగులు తీయించును, అటుపిమ్మటనే స్నానము, పూజ. ఇంతటి సామ్రాజ్యభారము మోసినవాడు, కొలువుకూటమున ఎవ్వరి మొగమును చూడకముందే తన కొఱకు ఇంత కాలము దాచుకొనెను. ఆఫీసు బస్సు తప్పిపోవునను భయముతో నిలువుకాళ్ల తల తడుపుకొను మనము, రాయలంత తీరిక మాకెక్కడిది యనుట హాస్యాస్పదము.

గృహస్థునకు ఆ తీరికను కల్పించినది ధర్మశాస్త్రము, కల్పించుటలో బెదిరింపునకును వెనుదీయలేదు. ఉగాదినాడును, బలిపాడ్యమినాడును తైలాభ్యంగనము చేయనివాడు నరకమునకు పోవునని నిబంధనగ్రంథము లుద్ఘోషించినవి. నరకచతుర్దశినాడు నూనెయందు లక్ష్మియు, నీటియందు గంగయు నుందురని నమ్మిక. వారముల లెక్క మఱియు చిత్రము: ఆదివారము నూనె తాపకరము, సోమవారము శోభ, మంగళవారము మృత్యువు, బుధవారము ధనము, గురువారము హాని, శుక్రవారము దుఃఖము, శనివారము సుఖము. మన పెద్దవారు శనివారమును విడువక పట్టుకొనుటకు ఇదియే మూలము. ఇంత భయపెట్టిన శాస్త్రమే పరిహారమును చూపినది. ఆదివారము నూనెలో పువ్వును, గురువారము గఱికను, మంగళవారము మట్టిని, శుక్రవారము గోమయమును కలిపినచో దోషము తొలగునట. నిషేధించి, వెంటనే సందు చూపిన ఈ నేర్పు చూడగా, ఈ నియమముల పరమార్థము గ్రహబాధ కాదనియు, ఎట్లయినను వారమున కొక దినమున ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టుటే యనియు అనుమానము కలుగును. తిరుమలలో శుక్రవారపు అభిషేకానంతరము శ్రీవారి మూర్తికి పునుగుతైలము పూయు ఆచారముండుటచేత, దేవుడును ఈ విధికి వెలి కాలేదు.

నూనె పట్టించిన చేతులెవ్వరివని విచారింపగా, ఇంటిలో తల్లి, అమ్మమ్మ, బాలింతకును పసికందునకును మంత్రసాని, మగవారికి నాయీబ్రాహ్మణుడు. కణతలు, మెడనరములు, వెన్నుపూసల ప్రక్కలు ఎచ్చట నొక్కిన హాయి కలుగునో ఈ చేతులకు తెలిసినట్లు ఏ గ్రంథమునకు తెలియదు. ఆ విద్య పట్టణముల వీథులలోను బ్రదికినది. 1957 నాటి ‘ప్యాసా’ చిత్రమున జానీ వాకర్ నూనెసీసాలు పట్టుకొని కలకత్తా వీథులలో తిరుగు పాత్ర దానికి సాక్ష్యము. మంత్రసాని విద్యలో ఒక్కటి మాత్రము మానదగినది: పసిపిల్లల ముక్కులలో, చెవులలో నూనె పోయుట. ముక్కున పోసిన నూనె ఊపిరితిత్తులకు దిగి జబ్బు చేయగలదు.

నూనె పట్టినపిదప నలుగు. పెసరపిండియో సెనగపిండియో ఆధారముగా, పసుపు, బావంచాలు, కచ్చూరాలు చేర్చిన సున్నిపిండి ఒడలి జిడ్డును పీల్చును. తలకు కుంకుడుకాయ. గింజలు తీసి వేడినీళ్లలో నానవేసి పిసికినచో సాపోనినులను పదార్థములు నీటిలోనికి దిగి నురుగు కట్టును; జిడ్డు వదలును గాని జుట్టు గడ్డివలె ఎండిపోదు. కన్నులలో పడినప్పటి మంట ఈ చికిత్సకు చెల్లింపవలసిన పన్ను. తలమీద మిక్కిలి వేడినీళ్లు పోసిన జుట్టునకును కండ్లకును బలము తగ్గుననియు, మెడక్రిందనే వేడినీరు బలకరమనియు వాగ్భటుడు చెప్పెను; కాగులో సలసల కాగిన నీళ్లే తలంటికి శోభయని నమ్మిన మన యిండ్లవారు ఈ మాటను చెవిని పెట్టలేదు.

తలనొప్పి వ్యాపారమునకు ఆధారము కాగలదని తొలుత గ్రహించిన తెలుగువాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1893లో బొంబాయిలో ఆయన స్థాపించిన అమృతాంజనపు సంపాదనయే పిదప ‘ఆంధ్రపత్రిక’కును ‘భారతి’కిని ప్రాణము పోసినది గనుక, మన సాహిత్యము తలనొప్పికి కొంత ఋణపడియున్నది. 1980 ప్రాంతములనుండి చిన్న పొట్లములలో షాంపూ పల్లెటూరి కిరాణా దుకాణములకు చేరినది; కుంకుడుకాయలు కొట్టు రాయి పెరటి మూలను చేరినది. సుగంధతైలములు సీసాలలో వచ్చినవి. ఇట్లు నూనె సులభమైనకొలది మర్దించు చేయి దుర్లభమై, ఇప్పుడు కేరళపద్ధతి ధారచికిత్సయని పేరుపెట్టి గంటల లెక్కను దానిని అమ్ముచున్నారు. నుదుటిమీద నూనెధారను విడుచుట శాస్త్రీయమే. తలకు చేయు తైలవిధులు అభ్యంగము, సేకము, పిచువు, శిరోవస్తి అని నాలుగని వాగ్భటుడు చెప్పినాడు, సేకమనగా ధారగా పోయుట గనుక ధార దానిలోనిదే. మర్దనముచేత గుండెవేగమును, ఆందోళనయు కొంత తగ్గునని నవీనపరీక్షలును చూపినవి. అంతమాత్రమున వారములతరబడి నిద్రలేనివానిని నూనెతో సరిపెట్టరాదు. వానిని వైద్యునికడకు పంపవలసినదే.

ఒంటరిగా అద్దెగదిలో నుండువానికి తల యంటువా రెవ్వరని ప్రశ్న వచ్చును. చరకుడు చెప్పిన నాలుగు విధులలో తుదిది వానికి చాలును. పాదాభ్యంగనముచేత కాళ్ల మొద్దుబారుదల, బడలిక తొలగుననియు, చూపు తేటపడుననియు ఆయన వ్రాసెను. గిన్నెలోని నువ్వుల నూనెను వేడినీళ్లలో నుంచి గోరువెచ్చగా చేసికొని, పరుండబోవు ముందు ఒక్కొక్క పాదమును ఒడిలో పెట్టుకొని, మడమనుండి వ్రేళ్లదాక బొటనవ్రేలితో నొక్కుచు తీరికగా రుద్దుకొనుటకు రెండవవాని సాయ మక్కరలేదు, వారదోషమును లేదు. లేచి నడుచునప్పుడు జారిపడకుండ పాత తువ్వాలొకటి నేలను పఱచుకొనుట మాత్రము మఱువరాదు.