ఆంగ్లంలో కోపవాచకాలు: అర్థచ్ఛాయల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆంగ్లంలో కోపాన్ని తెలిపే పదాలను తీవ్రతను బట్టి మెట్లుమెట్లుగా అమర్చి బోధించడం పరిపాటి. ఈ పదాల మధ్య భేదం ప్రధానంగా తీవ్రతకు చెందినది కాదనీ, కోపం ఎక్కడ పుడుతుంది, అది సకారణమా కాదా అన్న భావనలకు చెందినదనీ వ్యుత్పత్తి, ప్రయోగచరిత్రల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అర్థవిపరిణామం, వ్యుత్పత్తి, కోపవాచకాలు, అనువాదం, ధర్మాగ్రహం.

1. ఉపోద్ఘాతం

అనువాద తరగతుల్లో ‘ఇండిగ్నేషన్’ అనే పదానికి ‘తీవ్రమైన కోపం’ అనే సమానార్థకం తరచుగా వినిపిస్తుంది. యాంగర్ కంటే రేజ్, రేజ్ కంటే ఫ్యూరీ ఎక్కువ అన్న లెక్కలో ఇండిగ్నేషన్‌కు కూడా ఒక మెట్టు కేటాయించడం వల్ల కలిగే ఫలితం ఇది. ఆంగ్లభాష వేర్వేరు కాలాల్లో వేర్వేరు జాతుల నుంచి ఈ పదాలను స్వీకరించింది. ప్రతి పదం తనతోపాటు కోపాన్ని గురించిన ఒక ఊహను తెచ్చింది. ఆ ఊహలను గుర్తిస్తేనే ఛాయాభేదాలు తెలుస్తాయి.

2. ఇరుకు, మెలిక: జర్మానిక్ పొర

పాత ఆంగ్లంలో కోపానికి ప్రధానవాచకాల్లో ‘రాత్’ ఒకటి. మెలితిరగడం అనే అర్థం గల ‘రైద్’ అనే క్రియకు ఇది బంధువు. మనస్సు మెలివడి వక్రించడమే ఇందులోని మూలభావన. తరువాతి కాలంలో ఈ పదం బైబిలు అనువాదాల్లో దైవకోపానికీ, సప్తమహాపాపాల్లో ఒకదానికీ పేరుగా స్థిరపడింది. అందుకే నేడు దీనికి గాంభీర్యం ఉంది గాని, నిత్యవ్యవహారంలో చోటు తక్కువ.

నేటి వ్యవహారంలోని ‘యాంగర్’ పాత నార్స్ భాష నుంచి వచ్చింది. 9వ శతాబ్దిలో ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్కాండినేవియన్లు స్థిరపడటంతో నార్స్ పదాలు ఆంగ్లంలోకి ప్రవహించాయి. నార్స్ భాషలో ఈ మాటకు అర్థం దుఃఖం, బాధ. మధ్య ఆంగ్లంలో కూడా మొదట ఇదే అర్థం. కోపం అనే అర్థం తరువాత ప్రధానమైంది. ఇరుకు, బిగింపు అనే అర్థాలు గల ఇండో-యూరోపియన్ ధాతువు దీనికి మూలం. ఆంగ్లంలోని యాంగ్విష్, యాంగ్జైటీలు కూడా ఆ ధాతువు సంతానమే. బాధను, సంకటాన్ని తెలిపే వైదిక పదం ‘అంహస్సు’ ఇదే కుటుంబానికి చెందినది. అది తెలుగు నిఘంటువుల్లో ‘పాపం’ అనే అర్థంతో నిలిచింది. ఒకే ఇరుకు ఒక భాషలో కోపంగా, మరొక భాషలో పాపంగా పరిణమించిందన్నమాట.

3. ఉన్మాదం, పిత్తం: లాటిన్, ఫ్రెంచి పొర

1066 నాటి నార్మన్ విజయం తరువాత ఫ్రెంచి పదాలు విస్తారంగా ప్రవేశించాయి. ‘రేజ్’కు మూలం లాటిన్ ‘రేబీస్’. పిచ్చికుక్కకు వచ్చే వ్యాధికీ, మనిషి ఉన్మాదానికీ లాటిన్‌లో అదే పేరు. ‘ఫ్యూరీ’లోనూ ఉన్మాదార్థక ధాతువే ఉంది, రోమన్ పురాణాల్లోని ప్రతీకారదేవతల పేరు కూడా అదే కావడం వల్ల వెంటాడి శిక్షించే స్వభావం ఆ పదానికి అదనంగా చేరింది. ఈ రెండు పదాల్లోనూ వివేకం తొలగిపోవడమే ముఖ్యం.

‘కోలర్’ అనే పదం చతుర్దోష సిద్ధాంతానికి చెందినది. పచ్చపిత్తం దాని అర్థం. ఆ దోషాల సమపాళ్ల కలయికకు పేరు ‘టెంపర్’. దానిని కోల్పోవడమంటే సమస్థితిని కోల్పోవడమే. కాలక్రమంలో సమస్థితిని తెలిపిన పదమే దాని భంగాన్ని కూడా తెలపసాగింది. తెలుగు వాడుకలోకి ఈ రెండవ అర్థమే వచ్చింది. ఆయుర్వేదం పిత్తప్రకోపానికి గల కారణాల్లో క్రోధాన్ని చేర్చింది. ఆ ‘ప్రకోపం’లోనూ, మన ‘కోపం’లోనూ ఉన్నది ఒకే ధాతువు. దేహానికీ కోపానికీ ముడివేసిన ఆలోచన ఐరోపాకే పరిమితం కాదు.

4. న్యాయదృష్టి: ఇండిగ్నేషన్, రిజెంట్‌మెంట్

లాటిన్‌లో ‘డిగ్నస్’ అంటే యోగ్యం. దేనినైనా అయోగ్యమని, తగనిదని ఎంచడం నుంచి ‘ఇండిగ్నేషన్’ పుట్టింది. ఇందులో తీర్పు ఉంది. ఆ తీర్పుకు ఒక ప్రమాణం ఉంది. రేజ్‌కు కారణం లేకున్నా చెల్లుతుంది, ఇండిగ్నేషన్‌కు చెల్లదు.

17వ శతాబ్దిలో ఫ్రెంచి నుంచి వచ్చిన ‘రిజెంట్‌మెంట్’ మొదట బలమైన అనుభూతిని తెలిపేది. కృతజ్ఞతకు కూడా ఆ పదాన్ని వాడేవారు. 1726లో వెలువడిన ఉపన్యాసాల్లో జోసెఫ్ బట్లర్ క్షణికమైన కోపాన్నీ, అన్యాయం జరిగిందన్న ఎరుక నుంచి పుట్టే స్థిరమైన కోపాన్నీ వేరుచేసి, ఈ రెండవదానికి నైతిక ప్రయోజనం ఉందని వాదించాడు. ఆడం స్మిత్ 1759లో ప్రచురించిన నైతిక మనోభావాల సిద్ధాంతంలో రిజెంట్‌మెంట్‌ను న్యాయానికి రక్షణగా భావించాడు. నేటి వాడుకలో అదే పదం లోలోపల దాచుకున్న అక్కసుగా కుదించుకుపోయింది. 18వ శతాబ్ది గ్రంథాన్ని నేటి నిఘంటువుతో చదివితే న్యాయచింతన స్థానంలో అసూయ కనిపించే ప్రమాదం ఉంది.

5. తెలుగు అనువాదకుని ముందున్న ప్రశ్న

తెలుగులోనూ కోపవాచకాలు ఒకే కొలమానం మీద నిలవవు. అలుకకు ఆత్మీయత కావాలి. రోషానికి అభిమానం కావాలి. ఉక్రోషంలో నిస్సహాయత ఉంటుంది. ‘ఆగ్రహం’ మరింత ఆసక్తికరం. సంస్కృతంలో దాని అర్థం గట్టిగా పట్టుకోవడం, పట్టుదల. ‘సత్యాగ్రహం’లో నిలిచింది ఆ అర్థమే, తెలుగులో విడిగా వాడినపుడు మాత్రం అది కోపమే. కనుక ఇండిగ్నేషన్‌కు ‘ధర్మాగ్రహం’ అనడంలో కోపంతోపాటు ధర్మాన్ని పట్టుకుని నిలిచే గుణం కూడా ధ్వనిస్తుంది. ‘తీవ్రమైన కోపం’ ఆ పని చేయలేదు.

6. ముగింపు

ఆంగ్ల కోపవాచకాల్లో కొన్ని బాధను, కొన్ని ఉన్మాదాన్ని, కొన్ని దేహస్థితిని, మరికొన్ని న్యాయబుద్ధిని ఆశ్రయించి ఏర్పడ్డాయి. వీటిని కేవలం తీవ్రతాభేదాలుగా పరిగణిస్తే అన్యాయానికి గురైనవాని కోపం కూడా అదుపుతప్పిన ఆవేశంగానే మిగులుతుంది. ఒక నిరసనను వర్ణించేటపుడు రేజ్ అనాలా, ఇండిగ్నేషన్ అనాలా అన్నది శైలికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. మొదటి పదం ఆ మనుషుల వివేకాన్ని శంకిస్తుంది, రెండవది వారి వాదాన్ని వినమంటుంది. అనువాదకుడు పదాన్ని ఎంచుకోవడానికి ముందు ఆ కోపానికి కారణం ఉందని మూలరచయిత అంగీకరించాడా లేదా అన్నది తేల్చుకోవాలి.