సుగ్గికి ఎవరు పోవాలె

ఉగాది మర్నాడు మా కైరుప్పలలో పిడకలతో కొట్టుకుంటాం. పేపర్లలో ఏటా ఫోటోలొస్తాయి. వీరభద్రస్వామి పక్షం కొందరు, కాళికమ్మ పక్షం కొందరు. నీది ఏ పక్షమని నన్నెవరూ అడగలేదు. మా ఇంటోళ్లు ఎటుంటే అటు నిలబడి విసిరినా, అంతే. బతుకుదెరువు విషయంలోనూ మమ్మల్ని అడిగేవాళ్లు లేరు.

మా వైపు ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలోవి. 1876-78 కరువు ఆ జిల్లాను తుడిచిపెట్టింది. అంతకు ముందే, 1871 నాటికి, మద్రాసు-బొంబాయి రైలు ఆదోని మీదుగా కలిసింది. రైలుంటే పత్తి బేళ్లు కదులుతాయి, బేళ్లుంటే జిన్నింగు మిల్లులొస్తాయి. మా అబ్బ అట్లాంటి మిల్లులోనే హమాలీ. సేద్యం ఎందుకు వదిలినావని అడిగితే, "వాన రాలే, నేను పోతి" అనేవాడు. అంతకు మించి ఆయన దగ్గర జవాబు లేదు.

ఎమ్మిగనూరు కథ వేరు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టినాడు. షావుకారు దగ్గర నూలు అప్పు తెచ్చి, నేసిన బట్ట ఆయనకే అప్పజెప్పే నేతగాడికి ఇంకో గడప దొరికింది. నేతలో ఉండాలో మానాలో ఆలోచించుకునే వ్యవధి దొరికింది. 1954లో సోమప్పకు పద్మశ్రీ ఇచ్చినారు. మా ఇంట్లో మగ్గం లేదు. మాకు దక్కిందల్లా అబ్బ భుజం మీద ఎమ్మిగనూరు తువ్వాలు.

మాకున్నది సుగ్గి, అంటే కూలికి వలస. పంటలైపోయినాక మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. మూటాముల్లె, రొట్టెల పెనం, పిల్లలు, అన్నీ బండికెక్కి గుంటూరు మిరప చేలకు. కాయ కోసిన చేత్తో కంట్లో నలుసు తీసుకోలేం. అన్నం కలుపుకుంటే వేళ్లు మండుతాయి.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, బండి ఎక్కే ముందు రాత్రి మా జేజి నాయినతో అన్నదంట: "ఈన్ని ఈడ్నే ఇడిసిపెట్టురా, నేను సూసుకుంటా. పాపను తీస్కపో, రెండు కాయలన్నా కోస్తాది." మా అమ్మ చాలా ఏళ్లకు చెప్పింది. నేను పంతులు కావడం ఆ రాత్రే ఖాయమైపోయింది. నేను నిద్రలో ఉన్నా. చెల్లెలూ నిద్రలోనే ఉంది.

తెల్లారి అది బండెక్కింది. మళ్లీ బడికి సరిగ్గా పోలేదు. నాకంటే లెక్కలు బాగా చేసేది. ఈ మాట నేను ఎవరి దగ్గరా తేలిగ్గా అనను.

ఇప్పుడు సుగ్గికి పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. మిరప కోతలకు మా చెల్లెలు ఈ ఏడు కూడా పోయింది. కూతుర్ని మాత్రం హాస్టల్లో వదిలిపోయింది.