టెస్కోకో రాజకవి వంశము

మెక్సికో దేశపు ప్రాచీన నగరరాజ్యముల ప్రభువులలో ఇప్పటికిని జనుల నోట వినబడు పేరు నెసావల్‌కోయొట్ల్. తోడేలునకును నక్కకును నడిమిజాతి యగు ఒక మృగము ఆ దేశమున కలదు; ఉపవాసమున్న అట్టి మృగమని ఈ పేరునకు అర్థము. ఇతడు 1402లో టెస్కోకో రాజగు ఇష్ట్‌లిల్షోచిట్ల్‌కు జన్మించెను. తల్లి సరస్సు నడుమనున్న టెనోచ్‌టిట్లాన్ రాజవంశపు ఆడుబిడ్డ.

1418లో అస్కపొట్సాల్కో ప్రభువు టెసొసొమోక్ పంపిన సైనికులు రాజును వధించిరి. పదునారేండ్ల కుమారుడు చెట్టుపై దాగి ఆ ఘోరమును కన్నులార చూచెనని వంశీయులు చెప్పుకొనుచు వచ్చిరి. త్లష్కాలా వైపునకు పారిపోయి తలదాచుకొన్న ఆ యువకునకు, తల్లివైపు స్త్రీలు శత్రువును వేడుకొనగా, టెనోచ్‌టిట్లానున నివసించు అనుమతి లభించెను. తండ్రి రాజ్యము పోయినను తల్లి పుట్టినిల్లు అతనిని కాపాడినది. 1428లో బంధువులతో కూడి అస్కపొట్సాల్కోను కూల్చి, 1431లో పట్టాభిషిక్తుడయ్యెను.

కవిగా, శాసనకర్తగా ఇతని కీర్తి పెద్దది. మాకు మాత్రము అతడు కట్టించిన కట్టయే ముఖ్యముగా తోచుచున్నది. 1449 నాటి వరదల పిమ్మట, సరస్సులోని ఉప్పునీటిని మంచినీటినుండి వేరుచేయుటకు సుమారు 16 కిలోమీటర్ల కట్ట అతని పర్యవేక్షణమున వెలసెను.

మచ్చయు లేకపోలేదు. టెపెచ్పాన్ ప్రభువునకు నిశ్చయమైన కన్యను కోరి, ఆ ప్రభువును యుద్ధమునకంపి చంపించెనని వంశకథలే చెప్పుచున్నవి. ఆమెకు 1464లో పుట్టిన నెసావల్‌పిల్లి, 1472లో తండ్రి గతించగా, బాల్యముననే సింహాసన మెక్కెను. అతడు 1515లో మరణించినంతనే కుమారులు కలహించిరి. వారిలో తాతతండ్రి పేరు మోసిన ఇష్ట్‌లిల్షోచిట్ల్, స్పెయినువాడగు కోర్తేసు పక్షమున చేరెను.

ఈ వంశమున పుట్టిన ఫెర్నాండో దె ఆల్వా ఇష్ట్‌లిల్షోచిట్ల్ 17వ శతాబ్దమున పూర్వుల చరిత్రను స్పానిషు భాషలో వ్రాసెను. విగ్రహములను విడిచి అగోచరుడగు ఏకేశ్వరుని కొలిచిన రాజుగా నెసావల్‌కోయొట్ల్‌ను వర్ణించినవాడితడే. నేటి పండితులు దీనిని శంకించుచున్నారు. మేమును వారి పక్షమే. తల్లివైపు సంక్రమించిన టియొటివకాన్ ప్రాంతపు భూములును పెద్దరికమును నిలుపుకొనవలసిన ఆ కుటుంబమునకు, క్రైస్తవ ప్రభుత్వము మెచ్చునట్టి పూర్వపురుషుడు అవసరమయ్యెను.

అయినను ఆయన ఆధారములన్నియు కల్పితములు కావు. ఆయన చేతనుండిన షొలొట్ల్ చిత్రగ్రంథము నేడు పారిస్ జాతీయ గ్రంథాలయమున భద్రముగా నున్నది. అందు రాజుల పేర్లు అక్షరములతో గాక బొమ్మలతో తెలుపబడినవి. వంశకర్తలును సంతతియు తరతరములుగా చిత్రింపబడినారు.