మల్ల తిరగబెట్టదా?

మల్టిపుల్ మైలోమా గురించి తెలుగులో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే బాటలో నడుస్తాయి. ఒకప్పుడు మందే లేదు, తర్వాత మెల్ఫలాన్, ఆ పైన మూలకణ మార్పిడి, ఇప్పుడు కొత్త మందులు. రెండు మూడేళ్లు బతికేవాళ్లు ఎన్నో ఏళ్లు బతుకుతున్నారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ హుజూర్‌నగర్‌లో ఉండే మా పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు ఇందులో జవాబూ లేదు. హైదరాబాద్‌లో డాక్టరు రిపోర్టు చూసి "జబ్బు బాగా తగ్గిందమ్మా" అన్నప్పుడు ఆమె అడిగింది: "తగ్గింది మంచిదే సారూ, మల్ల తిరగబెట్టదా?"

మన వాడుకలో తగ్గడం, నయం కావడం, తిరగబెట్టడం మూడూ వేరు వేరు సంగతులు. ఈ జబ్బు చరిత్ర రాసేవాళ్లు మొదటి రెండింటినీ కలిపేసి, మూడోదాన్ని చివరి పేరాకు నెట్టేస్తున్నారు. ఆ చివరి పేరా నుంచే చరిత్రను మొదలుపెట్టి చదవాలని నా ప్రయత్నం.

ఎముక మూలుగలో ఉండే ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరిగి, ఒకే రకం ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతూ పోవడమే మైలోమా. ఎముకలు గుల్లబారతాయి, రక్తం తగ్గుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. 1840ల్లో లండన్ వైద్యుడు హెన్రీ బెన్స్ జోన్స్ ఒక రోగి మూత్రంలో ఈ ప్రోటీన్ జాడ పట్టుకున్నాడు. వందేళ్ల తర్వాత 1947లో యూరిథేన్ అనే మందు వచ్చింది. పని చేస్తోందన్న నమ్మకంతో దాదాపు ఇరవై ఏళ్లు వాడారు. 1966లో 83 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. మందు లేని ఉత్త సిరప్ తాగినవాళ్ల కంటే యూరిథేన్ తాగినవాళ్లే ముందు చనిపోయారు. తగ్గుతోందన్న నమ్మకానికీ ఆయుష్షుకూ మధ్య ఎంత దూరం ఉండగలదో ఈ చరిత్ర అంత తొలినాళ్లలోనే చూపించింది.

తర్వాతి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1950ల చివర్లో మెల్ఫలాన్ వచ్చింది, 1969లో దానికి ప్రెడ్నిసోన్ తోడైంది. 1983లో లండన్‌లో మెల్ఫలాన్‌ను భారీ మోతాదులో ఇచ్చి చూశారు. 1996లో ఫ్రెంచ్ వైద్యులు 200 మందిపై చేసిన పరీక్షలో భారీ మోతాదుతో పాటు మూలకణ మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఐదేళ్లకు 52 శాతం బతికి ఉండగా, మామూలు కీమో తీసుకున్నవాళ్లలో 12 శాతమే మిగిలారు.

ఇంతకీ తగ్గడాన్ని ఎలా కొలుస్తారు? పెద్దమ్మ ఫైలు కవర్లో ఒక కాగితం ఉండేది. రక్తంలోని ప్రోటీన్లను విడదీసి గీసిన గ్రాఫు అది. ఎడమన ఎత్తైన దిబ్బ, తర్వాత చిన్న చిన్న మిట్టలు, కుడి చివర ఒంటి తాడిచెట్టులా నిటారుగా లేచిన ములుకు. ఆ ములుకే ఎం ప్రోటీన్. 2006లో అంతర్జాతీయ బృందం ఖరారు చేసిన లెక్క ప్రకారం అది సగానికి తగ్గితే పాక్షిక స్పందన, 90 శాతం తగ్గితే చాలా మంచి స్పందన. పూర్తిగా మాయమై, మూలుగలో ప్లాస్మా కణాలు 5 శాతం లోపుకు వస్తే సంపూర్ణ స్పందన. ఇంత జాగ్రత్తగా ఏర్పరచిన ఈ నిర్వచనాల్లో ఎక్కడా నయం అన్న మాట లేదు. తెలుగులోకి వచ్చేసరికి మాత్రం "పూర్తిగా నయమైంది" అయిపోతోంది.

నా దృష్టిలో ఈ చరిత్రకు అసలు మలుపు 1999 నుంచి 2017 దాకా నడిచిన వివాదం. 1961లో పుట్టుకలోపాల కారణంగా మార్కెట్ నుంచి తొలగించిన థాలిడోమైడ్‌ను 1999లో అమెరికా వైద్యులు 84 మంది మైలోమా రోగులకు ఇచ్చారు. వేరే మందులేవీ పని చేయని వాళ్లలో 32 శాతం మందికి గుణం కనిపించింది. అందరూ దీన్ని కొత్త మందుల యుగానికి నాందిగా రాస్తారు. నాకు మాత్రం ఇంకో కారణంగా ముఖ్యమనిపిస్తుంది. నోటితో మింగే ఈ మందు, జబ్బు తగ్గాక కూడా కొనసాగించవచ్చా అన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు అంత తేలిగ్గా దొరకలేదు. 2006 నాటి ఫ్రెంచ్ పరీక్షలో, జబ్బు అప్పటికే 90 శాతం తగ్గినవాళ్లకు థాలిడోమైడ్ కొనసాగింపు పెద్దగా కలిసిరాలేదు. 2012లో వెలువడిన బ్రిటిష్ పరీక్షలో తిరగబెట్టడం ఆలస్యమైంది గానీ మొత్తంగా ఆయుష్షు పెరగలేదు. కణాల్లో చెడ్డ జన్యుమార్పులున్నవాళ్లకైతే నష్టమే జరిగింది.

అదే 2012లో లెనలిడోమైడ్ అనే గోళీ మీద రెండు పరీక్షలు వచ్చాయి. అమెరికా పరీక్షలో ఆయుష్షు పెరిగింది, ఫ్రాన్స్ పరీక్షలో పెరగలేదు. రెండింటిలోనూ కొందరికి రెండో క్యాన్సర్ వచ్చింది. 2017లో మూడు పరీక్షల్లోని 1,208 మంది లెక్కలు కలిపి చూస్తే, మార్పిడి తర్వాత గోళీ తీసుకున్నవాళ్లకు జబ్బు ముదరడానికి మధ్యస్థంగా 52.8 నెలలు పట్టింది, తీసుకోనివాళ్లకు 23.5 నెలలే. ఏడేళ్లకు బతికున్నవాళ్లు మొదటి వైపు 62 శాతం, రెండో వైపు 50 శాతం. అప్పుడు కూడా, జబ్బు బాగా ముదిరి వచ్చినవాళ్లలో ఆయుష్షు పెరిగిందన్న రుజువు స్పష్టంగా కనిపించలేదు.

ఇంకో పక్క, మార్పిడి వెంటనే చేయాలా, తిరగబెట్టాక చేయవచ్చా అని చూసిన ఫ్రెంచ్ పరీక్ష 2017లోనే అచ్చయింది. వెంటనే చేసినవాళ్లకు 50 నెలలు, ఆగినవాళ్లకు 36 నెలలు జబ్బు ముదరకుండా ఉంది. నాలుగేళ్లకు బతికున్నవాళ్ల లెక్క మాత్రం రెండు వైపులా ఇంచుమించు సమానం. 2019లో వెనెటోక్లాక్స్ అనే మందు పరీక్షలో మరీ విచిత్రం జరిగింది. మందు తీసుకున్నవాళ్లలో జబ్బు ఎక్కువ లోతుగా తగ్గింది, చావులు కూడా ఎక్కువయ్యాయి. ఈ ఆధారాలన్నీ చూశాక తగ్గిన లోతును బట్టే ఆయుష్షు చెప్పేయడం తొందరపాటని నాకు అర్థమైంది. తగ్గాక ఏం చేశారు, ఎంతకాలం చేశారు, కణం స్వభావం ఏమిటి అన్నవి కూడా అంతే బరువైన ప్రశ్నలు.

ఇక్కడే మన ప్రాంతం పాత్ర ఉంది. మందు పదార్థానికి కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చిన 1970 చట్టం నీడలో హైదరాబాద్ మందుల పరిశ్రమ ఎదిగింది. 2005లో చట్టం మారింది గానీ ఆ నైపుణ్యం మిగిలింది. లెనలిడోమైడ్ జెనరిక్ కోసం నాట్కో కంపెనీ అమెరికాలో కోర్టులో పోరాడి 2015లో రాజీకి వచ్చింది, అక్కడ 2022 మార్చిలో గానీ అమ్మకం మొదలు కాలేదు. ఆ గోళీ మన మెడికల్ షాపుల్లో అంతకు ఎన్నో ఏళ్ల ముందే దొరికింది. ఆ కంపెనీ ఫ్యాక్టరీల్లో ఒకటి పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ఉంది. మన దగ్గర జబ్బు తిరగబెట్టడాన్ని వెనక్కి నెట్టినవాటిలో ఈ చవక గోళీకి దక్కాల్సిన చోటు నేను చదివిన ఏ వ్యాసంలోనూ దక్కలేదు.

అయితే చవక అంటే అందరికీ అందుతుందని కాదు. వైద్యం మొదలైన రెండో ఏడు మిరపతోట దెబ్బతిన్నప్పుడు, ఈ గోళీయే వాడుతున్న పెద్దమ్మ రెండు నెలలు కొనలేదు. "ఒంట్లో బాగానే ఉంది గదా" అంది. మొదట్లో వేసిన బోర్టెజోమిబ్ సూదులతో అరికాళ్లు తిమ్మిరెక్కి, నాట్ల బురదలో కాలు ఎక్కడ పడుతోందో తెలియని స్థితి ఆమెది. బాగానే ఉండటమంటే ఆమెకు అంతే.

తిరగబెట్టే ప్రమాదం కొంత వైద్యానికి ముందే నిర్ణయమైపోతుంది. నల్గొండ ప్రాంతంలో ఎముకల నొప్పి అంటే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. 1955లోనే ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ ఎముక చిక్కబడి మరింత తెల్లగా కనిపిస్తుంది, మైలోమా ఎముకలో రంధ్రాలు కనిపిస్తాయి. ఆ తేడా చూసేలోగానే ఏడాది పాటు నొప్పి గోళీలు మింగేస్తారు. మైలోమా ఉన్నవాళ్ల కిడ్నీలకు ఆ గోళీలు మరింత చేటు. కిడ్నీ దెబ్బతింటే లెనలిడోమైడ్ మోతాదు తగ్గించక తప్పదు.

ఇవాళ్టి పరిస్థితి మీద నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. 2021లో అమెరికాలో మైలోమాకు, రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి జబ్బు మీదికి పంపే కార్-టీ చికిత్స అనుమతి పొందింది. లక్ష కణాల్లో ఒక్క జబ్బు కణం మిగిలినా పట్టే పరీక్షను కొత్త మందుల అనుమతికి కొలమానంగా వాడవచ్చని 2024 ఏప్రిల్‌లో అక్కడి నిపుణుల కమిటీ 12–0తో చెప్పింది. గొప్ప విజయాలే. కానీ మూలుగలో జబ్బు అన్ని చోట్లా ఒకేలా ఉండదు, ఒక్క చోట తీసిన చుక్క మొత్తం ఒంటికి సాక్ష్యం చెప్పలేదు. పైగా వెనెటోక్లాక్స్ నేర్పిన పాఠం ఇంకా పాతబడలేదు. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. మంచి పని. ఈ జబ్బు ఖర్చు మాత్రం ఒక్కసారి వచ్చే ఆపరేషన్ బిల్లులా ఉండదు, ఏళ్ల తరబడి నెలనెలా వస్తుంది. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. తగ్గని నడుం నొప్పితో వచ్చిన పెద్దవాళ్లకు అక్కడ హిమోగ్లోబిన్, కాల్షియం, క్రియాటినిన్‌తో పాటు ప్రోటీన్ గ్రాఫు తీయడం, గోళీ నెలనెలా ఊళ్లోనే అందేలా చూడటం: హుజూర్‌నగర్ రోగికి కార్-టీ కంటే ముందు కావలసినవి ఇవి.

పెద్దమ్మ ప్రశ్నకు ఆ రోజు డాక్టరు దాచకుండా జవాబిచ్చారు. "తిరగబెట్టొచ్చమ్మా. గోళీ ఆపొద్దు, మూడు నెలలకోసారి పరీక్ష మానొద్దు." నాలుగో ఏడు గ్రాఫులో ములుకు మళ్లీ లేచింది. అప్పటికి ఆమెకు ఎముక నొప్పి లేదు, కిడ్నీలు బాగానే ఉన్నాయి. కాగితం ముందే చెప్పింది కాబట్టి వేరే మందు మొదలుపెట్టడానికి వ్యవధి దొరికింది. ఆ కాగితాన్ని పాత కాగితాల మీదే, తేదీల వరుసలో, అదే కవర్లో పెట్టి ఆమె మళ్లీ హైదరాబాద్ బస్సెక్కింది.