త్రికాస్థి వద్ద నరాల గడ్డ.. క్యాన్సర్ కాదు, అలక్ష్యం తగదు

నడుము నొప్పి, కాలు లాగడం మొదలవగానే డిస్కు జారిందని భావించడం పరిపాటి. చాలామందిలో కారణం అదే కావచ్చు. అయితే వెన్నెముక అడుగున, పిరుదుల నడుమ ఉండే త్రికాస్థి వద్ద నరంపై పెరిగే గడ్డ సైతం అరుదుగా ఇవే లక్షణాలను కలిగిస్తుంది. ఇటువంటి గడ్డల్లో ముఖ్యమైనది ష్వానోమా. ఇది దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు.

ఎలా ఏర్పడుతుంది?

నరానికి తొడుగుగా ఉండే కణాలను జర్మనీ శాస్త్రవేత్త థియోడర్ ష్వాన్ 1839లో వర్ణించారు. ఆ కణాల నుంచి పుడుతుంది కనుక గడ్డకు ఆయన పేరే వచ్చింది. పొత్తికడుపు లోపల చోటు ఉండటంతో ఏళ్ల తరబడి బయటపడకుండా పెరుగుతుంది. కొందరిలో వేరే కారణంతో తీసిన స్కానింగులో కనిపిస్తుంది. పెద్దదైతే తిమ్మిరి, మలబద్ధకం, మూత్ర విసర్జనలో ఇబ్బంది తలెత్తుతాయి.

నిర్ధారణ

గడ్డ ఏ నరాన్ని ఆనుకుని ఉన్నదీ ఎం.ఆర్.ఐ.లో, ఎముక ఎంత అరిగిందీ సి.టి. స్కాన్‌లో తెలుస్తుంది. సందేహముంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

శస్త్రచికిత్స

బాధ లేని చిన్న గడ్డను కొన్నాళ్లు స్కానింగులతో గమనిస్తారు. పెరుగుతున్నా, నరాన్ని నొక్కుతున్నా శస్త్రచికిత్స చేస్తారు. గడ్డ ఉన్న చోటును బట్టి పొట్ట వైపు నుంచి గానీ, వీపు వైపు నుంచి గానీ, రెండు వైపుల నుంచి గానీ తొలగిస్తారు. అక్కడ రక్తనాళాలు దట్టంగా ఉన్నందున రక్తస్రావం ముప్పు ఉంటుంది. పెద్ద గడ్డల విషయంలో దానికి రక్తం అందించే నాళాలను ముందుగానే మూసివేసే పద్ధతీ ఉంది.

అసలు చిక్కు నరాలను కాపాడటమే. మలమూత్రాలపై పట్టు త్రికాస్థిలోని రెండు, మూడు, నాలుగో జత నరాలదే. రెండో జత పూర్తిగా, మూడో జతలో కనీసం ఒకటి నిలిస్తే ఆ పట్టు చాలావరకు దక్కుతుంది. అందుకే కొన్నిసార్లు పై పొరను వదిలి లోపలి గడ్డను మాత్రమే తీస్తారు. మిగిలిన భాగం తిరిగి పెరిగే వీలున్నందున ఆ తర్వాత కూడా స్కానింగులు తప్పవు.

ఎప్పుడు త్వరపడాలి?

మూత్రం ఒక్కసారిగా నిలిచిపోయినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, పిరుదుల నడుమ స్పర్శ పోయినా, కాళ్లు బలహీనపడినా అదే రోజు న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి మాత్రలతో, మర్దనలతో కాలయాపన చేస్తే దెబ్బతిన్న నరం శస్త్రచికిత్స తర్వాతా పూర్తిగా కోలుకోకపోవచ్చు.